ఒరియె విడిచిన సగం వాక్యం

నేను చెప్పబోయేదాంట్లో గోరంత అబద్ధముంటే, నాకు మిగిలిన మూడు పళ్ళూ ఈ కాఫీ గ్లాసులోనే రాలిపోవాల. విను, అర్షియా.

మన మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మునీశ్వరి, అదే, మగ్గాల గంగులయ్య పెండ్లాం. ఇంగ్లీషు ఎం.ఏ. చదివి కూడా మగ్గం వదలని మనిషి. కుప్పంలో పుస్తకాలు అచ్చేసే సుబ్రమణ్యం ఆమెకొక పని అప్పజెప్పినాడు. ఒక జపాను నవలా రచయిత్రి జీవితచరిత్రను ఇంగ్లీషు నుంచి తెలుగు చేయాల. ఇటుకంత పుస్తకం. ఇటుకేంది, గుర్రంకొండంత!

ఆ రచయిత్రి పేరు కుజుమి ఒరియె. పట్టుగూళ్ళు ఉడకబెట్టే ఇంట పుట్టింది. తొమ్మిదేళ్ళకే కాగే నీళ్ళలో వేళ్ళు పెట్టి దారం తీసింది. ఇరవై రెండేళ్ళకు మొదటి నవల రాసింది. ఆ ఏడే కట్టుకున్నవాడు సంతకని పోయి తిరిగి రాలేదు. తర్వాత అరవై ఏళ్ళలో ఇంకా ముప్పైఎనిమిది నవలలు. ఏ నవలకూ ఆఖరి వాక్యం పూర్తిచేసేది కాదు. సగంలో వదిలి, మిగతా సగంతో తర్వాతి నవల మొదలుపెట్టేది. నలభయ్యోది రాస్తూ బల్ల మీదే తల వాల్చేసింది. అది అట్లే నిలిచిపోయింది, ఆమె జీవితచరిత్ర కూడా ఆ మాటల దగ్గరే ముగుస్తాది: "తలుపు తట్టిన చప్పుడైంది. ఆమె తీసి చూస్తే..."

"దాన్ని మాత్రం ముట్టుకోవద్దమ్మా," అని సుబ్రమణ్యం ఫోన్లో ఒకటికి పదిసార్లు చెప్పినాడు. "ఆమె వదిలినట్టే వదిలెయ్."

కానీ మునీశ్వరి నేతింటి బిడ్డ. మగ్గం మీద పాత పడుగు, అదే నిలువు పోగులు, అయిపోతే కొసలు కోసి పారేయరు. ఆ కొసలకే కొత్త పోగులను ఒక్కొక్కటీ మెలేసి అతుకుతారు. అతకని కొస కనబడితే ఆమె వేళ్ళు ఊరుకోవు.

ఆ రోజు గంగులయ్య పట్టు కొనేదానికి పుంగనూరు పోయినాడు. మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మి ఇల్లంతా చీకటైంది. కరెంటు పోయింది. వీధిలో మరమగ్గాలన్నీ ఒక్కసారి ఆగినాయి. అప్పుడే మునీశ్వరి చివరి పేజీకొచ్చింది. కొస కనబడింది. చెయ్యి తనంతట తానే అతికేసింది.

"ఆమె తీసి చూస్తే ఎవరూ లేరు."

ముందు వాసన వచ్చింది. ఉడికిన పట్టుపురుగుల వాసన. వాళ్ళింట్లో గూళ్ళు ఎప్పుడూ ఉడకబెట్టింది లేదు. కిటికీ మూసింది. వాసన ఇంకా చిక్కనైంది. తర్వాత నీళ్ళు కుతకుత తెర్లే చప్పుడు... వీధిలో కాదు... బల్ల కింద.

తలుపు తట్టినారు.

"మునీ, నేనే. తడిసి ముద్దయినాను. తియ్యి."

మొగుడి గొంతే. ఉరికి పోయి గడియ తీసింది.

వాన. మెట్లు. ఎవరూ లేరు.

"యాల అట్టా సూస్తాండావు?" ఆమె ముక్కుకు జానెడు దూరంలో గంగులయ్య నవ్వు. "మొగుణ్ణి ఎప్పుడూ సూళ్ళేదా?"

"యాడుండావయ్యా..." ఆమె వాకిలంతా కళ్ళతో వెతికింది.

"ఈన్నే కదే! జరుగు, పట్టు తడుస్తాండాది."

జరిగింది. గచ్చు మీద తడి పాదాలు ఒక్కొక్కటే అచ్చు పడుతూ లోపలికి పోయినాయి. ఆమె బల్ల దగ్గరికి ఉరికి ఆ రెండు మాటలూ కొట్టేసింది. వెనక్కి చూసింది. పాదాలే ఉన్నాయి. కాగితం చించేసింది. పాదాలే... అద్దం ముందు ఆగినాయి.



"మునీ..." ఈసారి నవ్వు లేదు. "అద్దంలో నేను లేనే..."

ఆమె ఏడవలేదు. కొత్త కాగితం తీసుకుంది. ఆ వాక్యానికి ఇంకో వాక్యం అతకడానికి కూర్చుంది. ఏమి రాసిందో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం నుంచి మునీశ్వరి కూడా ఎవరి కంటా పడలేదు. మగ్గం మాత్రం ఆడుతూనే ఉండాది. గడప మీద నేను పెట్టిన క్యారియరు కడిగి తిరిగొస్తాండాది.

పక్కింటిదాన్ని కదా, రోజూ ఇద్దరికని పెడతాండాను. నిన్న లోపల్నించి ఒక ఆడగొంతు, "రేపట్నుంచి ముగ్గురికి" అనింది. తెలుగు చక్కగానే ఉండాది, యాస ఈ దేశంది కాదు. మునీశ్వరి గొంతు మాత్రం కాదు.

ఇదిగో క్యారియరు. నా మోకాళ్ళు ఈ పొద్దు లేవనంటాండాయి, నువ్వే ఇచ్చిరా అర్షియా. సంగటి చల్లారితే రాయైపోతాది. బిరీన పో తల్లీ.