గేటు దగ్గర రెండు హారన్లు

ఆ మలుపుకి మంచి పేరు ఎన్నడూ లేదు.

ఆసుపత్రికి వెళ్ళే రోడ్డు గుట్ట మీద నుంచి ఏటవాలుగా దిగి, సగం దారిలో కుడికి తిరుగుతుంది. అక్కడ ఎడమ పక్కన ముందు ఒక పాడుబడ్డ ఇంటి గేటు వస్తుంది. గేటు లోపల బాట పైకెక్కుతుంది, ఇల్లు మిట్ట మీద ఉంటుంది. రోడ్డు మీద ఆ గేటు దాటగానే, మలుపు అంచున మోకాలెత్తు గోడ. గోడ అవతల... ఏమీ లేదు. లోయ.

ఆ ఇంటాయన కారు ఒక రాత్రి బ్రేకులు పడక ఆ గోడ దాటి పోయిందట. అప్పటి నుంచి ఇంటావిడ గేటు దగ్గర నిలబడి, వచ్చే పోయే ప్రతి బండికీ చెయ్యెత్తేదట — ఆగమని. పిచ్చిదనుకున్నారు. ఒక్కరూ ఆగలేదు. "వెళ్ళొస్తాంలే తల్లీ" అన్నట్టు రెండు హారన్లు కొట్టి సాగిపోయేవారు. కొన్నాళ్ళకి ఆవిడా పోయింది, గేటుకి గొలుసు పడింది, తాళం పడింది. హారన్ల అలవాటు మాత్రం మిగిలింది. కొట్టకపోతే బండి దీపాలు ఆరిపోతాయని ఒకరు, ఆవిడ వెనక సీట్లో కూర్చుని కనిపిస్తుందని ఇంకొకరు... చెప్పేవాళ్ళకి కొదవా!

ఇది లాండ్రీ కోడలికి జరిగిన సంగతి. లాండ్రీ పెట్టింది అత్తగారు, నడిపేది కోడలు. అందుకే వీధిలో అందరికీ ఆమె లాండ్రీ కోడలే. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మూటలు కట్టి రోజూ మామగారి నాటి కారులో దించి వస్తుంది. ఆ కారు సంగతి చెప్పాలంటే — తలుపు వేస్తే తెరుచుకోదు, తెరిస్తే పడదు.

ఈమధ్య దానికి కొత్త జబ్బు పట్టుకుంది. వాలు దిగుతూ సరిగ్గా ఆ గేటు కనిపించే చోటికి రాగానే, స్టీరింగు వెనక ఎర్ర దీపం వెలిగేది. బ్రేకు దీపం. ఇంటి ముందు వెలగదు. ఆసుపత్రి దగ్గర వెలగదు. అక్కడే వెలుగుతుంది.

మొదటిసారి ఆమె హ్యాండ్ బ్రేకు చూసుకుంది. దించే ఉంది. ఆదివారం నాడు భర్త ఆ లివరు కింద స్విచ్చు కదిపి, ఫ్యూజులన్నీ పీకి మళ్ళీ పెట్టి, అద్దం మీద వేలితో నాలుగు దెబ్బలు వేసి, "ముసలిదైపోయింది, దానికే మతి లేదు" అని లేచిపోయాడు. బానెట్ ఎత్తాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

"ఒకసారి మెకానిక్‌కి చూపిస్తాను అత్తయ్యా," అంది కోడలు మర్నాడు దీపం వెలగగానే, పక్క సీట్లో ఉన్న అత్తగారితో.

"మెకానిక్ ఏం చేస్తాడే పిచ్చిమొహమా? ఆవిడ చెయ్యెత్తుతోంది. హారన్ కొట్టు."

కొట్టింది. రెండు. మలుపు తిరిగి కారు చదును మీదికి రాగానే దీపం ఆరిపోయింది. "చూశావా!" అంది అత్తగారు, తానే బాగు చేసినంత గొప్పగా.

ఇంకేముంది! రోగం అలవాటైంది, మందూ అలవాటైంది. రోజూ దీపం వెలగడం, రోజూ హారన్ కొట్టడం, రోజూ దీపం ఆరడం. బ్రేకు కొంచెం లోతుగా పోతోందని కోడలు అంటే, "కొత్త చెప్పులు తొడిగావుగా, అలాగే ఉంటుంది" అని అత్తగారు తేల్చేసింది. ఇంట్లో అందరి జబ్బులకీ ఆవిడే డాక్టరు మరి.

ఒక రాత్రి ఆ డాక్టరుకే ఊపిరాడలేదు.

మంచం మీద కూర్చుని, రెండు చేతులూ పరుపుకి అదిమిపెట్టి, గాలి కోసం నోరు తెరుస్తోంది. పెదాలు నీలంగా మారాయి. భర్త ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలో ఉన్నాడు, అక్కడ ఫోన్లు లోపలికి రానివ్వరు. అంబులెన్సుకి చేస్తే, "బండ్లన్నీ బయట ఉన్నాయమ్మా, గంటైనా పడుతుంది" అన్నారు.

గంట! కోడలు ఆవిణ్ణి ఎత్తి, ఈడ్చి, ముందు సీట్లో కూర్చోబెట్టింది. వెనక సీట్లో పొద్దున్న ఇవ్వాల్సిన దుప్పట్ల మూట అలాగే ఉంది.

"ఏదైనా మాట్లాడండి అత్తయ్యా... తిట్టండి పోనీ."

గరగరమని ఊపిరి చప్పుడు ఒక్కటే. చిన్నప్పుడే తల్లి పోయిన పిల్ల ఆమె. పెళ్ళైనప్పటి నుంచి ఈ మనిషితో పోట్లాడని రోజు లేదు. ఆ గొంతు ఆగిపోతే ఇంట్లో ఇక ఎవరున్నా లేనట్టేనని ఆ రాత్రి ఆమెకి తెలిసింది. యాక్సిలరేటరు నొక్కింది. కారు గుట్టెక్కింది.

వాలు మొదలైంది...

గేటు ఇంకా దూరంగా ఉంది. ఎర్ర దీపం అప్పుడే వెలిగింది.

హారన్ కొట్టింది. రెండు. ఆరలేదు. మళ్ళీ కొట్టింది. దీపం కదలకుండా అలాగే వెలుగుతోంది. బ్రేకు మీద కాలు వేసింది — పెడల్ మెత్తగా, అడ్డేమీ లేకుండా, నేల దాకా వెళ్ళిపోయింది.

తొక్కింది. ఇంకా తొక్కింది. లేదు... ఏమీ లేదు. హ్యాండ్ బ్రేకు లాగితే పట్టు లేకుండా పైకి ఊడొచ్చింది. గేరు తగ్గిస్తే ఇంజను అరిచింది, కారు ఒక్కసారి కుదిపి మళ్ళీ జారుకుంది. చేతులున్నాయి, కాళ్ళున్నాయి, చెయ్యడానికి ఏమీ లేదు. దీపాల వెలుగులో ఆ మోకాలెత్తు గోడ తెల్లగా ఎదురొస్తోంది.

"అత్తయ్యా..." అంది. ఎందుకు పిలిచిందో ఆమెకే తెలియదు. కాపాడాల్సింది తను కదా!

అత్తగారి కళ్ళు మూసే ఉన్నాయి. పెదాలు మాత్రం కదిలాయి.

"ఎడమకి తిప్పు... గేటు తీసింది."

తిప్పేసింది. ఆలోచించడానికి వ్యవధి ఎక్కడిది? రెండు గేటు తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. వాటి మధ్య నుంచి కారు దూసుకుపోయి, ఎండుటాకుల మీద మిట్టెక్కి, ఎక్కుతూ ఎక్కుతూ మెల్లబడి, ఇంటి మెట్లకి ముక్కు ఆనించి ఆగింది.

నిశ్శబ్దం. ఇంజను ఆగిపోయింది. పక్కన ఊపిరి ఇంకా ఆడుతోంది... సన్నగా.

కోడలు రోడ్డు మీదికి పరిగెత్తింది. చీకటి తప్ప ఏమీ కనిపించలేదు. ఆ కాసేపూ ఆమె అక్కడ నిలబడి ఏడ్చింది. దెయ్యం భయంతో కాదు. లోపల అత్తగారు పోతోంది, తను ఉత్త చేతులతో గేటు దగ్గర నిలబడి ఉంది.

పైనుంచి వెలుగు పడింది. బండి వస్తోంది. ఆమె చెయ్యెత్తింది.

బండి వేగం తగ్గలేదు. రెండు హారన్లు మోగాయి.

"నేను మనిషినే! ఆగండి!" అని గొంతు చించుకుంటూ ఎదురుగా వెళ్ళింది. బ్రేకులు కీచుమన్నాయి. పేపర్ల వ్యాను. డ్రైవరు ఆమె పాదాల వైపు చూసుకుని మరీ దిగాడు. మూటలోంచి ఇస్త్రీ దుప్పటి ఒకటి లాగి, అత్తగారిని అందులో పడుకోబెట్టి, చెరో కొసా పట్టుకుని గేటు దాటించారు. వ్యాను కదిలేటప్పుడు అతని చెయ్యి అలవాటుగా హారన్ మీదికి వెళ్ళింది.

"కొట్టకండి," అంది ఆమె.

తెల్లారేసరికి అత్తగారి పెదాలకి రంగొచ్చింది. గండం గడిచిందన్నారు. మాస్కు పక్కకి జరిపి ఆవిడ అన్న మొదటి మాట ఇది: "ఆవిడ రోజూ ఆగమంది అమ్మాయ్. మనమేమో రోజూ వెళ్ళొస్తాం అన్నాం."

కారు తేవడానికి మెకానిక్ తన బండిలో కోడల్ని తీసుకెళ్ళాడు. దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడు.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదక్కా. బ్రేకు నూనె డబ్బాలో ఒక బెండు తేలుతుంటుంది. నూనె తగ్గితే బెండు దిగుతుంది, దీపం వెలుగుతుంది. కొంచెం తగ్గినప్పుడు చదును మీద తెలియదు. వాలులో నూనె ముందుకి జరిగితేనే తెలుస్తుంది. అక్కడే గదా ఆ గేటున్నది!"

"మరి హారన్ కొడితే ఆరేది?"

"చదునుకొచ్చారు గనక ఆరింది. ఎక్కడో పైపు కారుతోంది, రోజుకింత పోయింది. చివరికి అడుగంటింది."

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ కారు కళ్ళ ముందే దీపం పెట్టి చెబుతుంటే, తామే హారన్ కొట్టి మరీ దాని నోరు మూయించారు. అత్తగారిని తన చేతులతోనే లోయలోకి తోసి ఉండేది. అయినా గుండె మీద నుంచి పెద్ద బరువు దిగినట్టైంది. నూనె. అంతే. నూనె!

బండి మలుపులో ఆగింది. మెకానిక్ దిగి, రెండడుగులు వేసి నిలబడిపోయాడు.

రోడ్డు మీద నుంచి టైర్ల గీతలు తిన్నగా గేటు కిందికి వెళ్ళాయి. ఊచల మధ్య నుంచి కారు కనిపిస్తోంది, మెట్లకి ముక్కు ఆనించి. గేటు మూసి ఉంది. గొలుసు చుట్టే ఉంది. ఊచలకి ఒక ఎండిన తీగ ఈ తలుపు నుంచి ఆ తలుపుకి అల్లుకుని ఉంది, ఎక్కడా తెగలేదు.

"అక్కా..." అతని గొంతు గుసగుసలోకి దిగింది. "రాత్రి... ఏ గేట్లోంచి వెళ్ళారు?"

ఆమె తాళం వైపు చూసింది. తుప్పుతో గొలుసుకి అతుక్కుపోయి ఉంది. దాని మీద సాలెగూడు చెక్కు చెదరలేదు.