పాత నాకా కాడి కితకితల దెయ్యం

భోపాలపట్నం నుంచి తర్లగూడ పోయే తొవ్వల ఒక పాత నాకా, అంటే చెక్‌పోస్టు, ఉన్నది. గేటు కట్టె ఎప్పుడో విరిగింది. గేటు దాటినంక జర దూరంల గది ఉన్నది గాని దానికి తలుపు లేదు, కప్పు గూడ సగమే. పొద్దుగూకినంక అక్కడ ఎవ్వరూ బండి ఆపరు. ఎంత అర్జెంటైనా సరే, బిగబట్టుకొని వాగు దాటినంకనే దిగుతరు.

ఎందుకంటే... అక్కడ దెయ్యం ఉన్నది.

రక్తం తాగేది కాదు, మెడ విరిచేది కాదు. అట్లాంటిదైతే ఊరి పూజారి వడ్డెను పిలిచి కోడిని కోయిస్తే పోయేది. ఇది కితకితలు పెట్టే దెయ్యం. అరె, నవ్వకండ్రి! నవ్వినోళ్ళంతా తర్వాత ఏడ్చిండ్రు.

ఆ నాకల ఒక చౌకీదార్ ఉండేటోడట. బతికినన్నాళ్ళు ఒక్కపారి గూడ పండ్లు బయట పెట్టలేదట. సచ్చినంక ఆ నవ్వు కరువంతా మన మీద తీర్చుకుంటున్నడని చెప్పుకునేటోళ్ళు. నేను కండ్లతోని చూడలే. మా పక్కింటి సోమక్క చెప్పిందే చెప్తున్న. సోమక్క అబద్ధమాడదు. జర ఉప్పూకారం ఏస్తది, అంతే.

దెయ్యం గూడ అందరినీ పట్టేది కాదు. సోమక్క తమ్ముడు కాశయ్యకు సవారీ కొట్టే పాత ఫోర్‌వీల్ జీపు ఉన్నది — దాన్నే పట్టేది. బండి నాకా కాడికి రావాలె... ముందు కాళ్ళ కింద రేకు జుమ్మంటది... తర్వాత సీటు... తర్వాత పిర్రలు... ఇగ ఎంత ముసురు మొఖపోడైనా కిసుక్కుమనాల్సిందే! ఒకరు మొదలుపెడితే బండంతా నవ్వుడే. వాగు దాటంగనే గప్‌చుప్. ఏమీ ఎరగనట్టు పోతది బండి.

నవ్వులాటే గదా అనుకునేరు. ఈ నవ్వుతోని ఒకని పెండ్లి పోయింది.

కాశయ్యకు తమ్ముడున్నడు, రాంప్రసాద్. అమ్మ పోయినంక సోమక్కే వాన్ని సంకనేసుకొని పెంచింది. నెత్తి మీద ఎంటికలు పల్చబడుతున్నయి గాని వానికి పిల్ల దొరుకుతలేదు. నిరుడు ఒక ఊరికి పిల్లను చూడబోయిండ్రు, ఇదే జీపుల. నాకా కాడ దెయ్యం పట్టింది. ఆ నవ్వు ఇంకా కడుపుల ఉండంగనే పిల్ల మేనమామ ఎదురొచ్చి "రాండ్రి, రాండ్రి" అన్నడు. పాపం, ఆయనకు ముందటి పండ్లు లేవు. ఇగ చూడాలె! వాకిట్ల పడి దొర్లి నవ్విండ్రు అందరు.

"నా పండ్లు లేవని నవ్వుతరా?" అని మంచినీళ్ళు గూడ ఇయ్యకుండ ఎల్లగొట్టిండు.

మాట ఊరూరు పాకింది. ఆ నవ్వేటోళ్ళకు పిల్లనెవరిస్తరు? ఏడాది ఒక్క సంబంధం రాలే. ఆఖరికి తర్లగూడ దిక్కు నవీన అనే పిల్ల రాంప్రసాద్‌ను అంగట్ల చూసి, రమ్మను చూద్దాం అన్నదట. సోమక్కకు కాళ్ళు నేల మీద ఆనలే. అంతలనే నాకా యాదికొచ్చింది. ఈసారి గూడ నవ్వితే తమ్ముడు ఒంటిగానే మిగులుతడు.

ఉరికింది వడ్డె కాడికి. ఆయన తల అడ్డంగ ఊపిండు.

"మొన్న ఆ జీపుల నేను గూడ నవ్విన, సోమక్కా. నాతోని కాదు. బండి మిస్త్రీ కాడికి పోండ్రి."

భోపాలపట్నంల కమలేష్ మిస్త్రీ బండి కిందికి దూరిండు. ఎల్లికల పండుకొని చూసి చూసి పకపక నవ్విండు. సోమక్కకు భయమైంది, దెయ్యం మిస్త్రీని గూడ పట్టిందని.

"అరే భయ్యా, ఈ రాడ్డు ఎవరు విప్పిండ్రు?" అన్నడు కమలేష్.

"నేనే," అన్నడు కాశయ్య. "ఆ మొదటి పెండ్లిచూపులకంటె ముందు, వానల దినాలల్ల క్రాసు మార్చిన."

గేర్‌బాక్సు నుంచి ఎనుక చక్రాలకు పోయే పొడుగు రాడ్డు అది. దాని రెండు కొసలకు క్రాసులు, అంటే తిరిగే కీళ్ళు, ఉంటయి. రెండూ ఒక్క వరుసల ఉండాలె. మన కాశయ్య విప్పి మళ్ళ కలిపేటప్పుడు ఒకటి తూర్పుకు పెట్టిండు, ఒకటి దక్షిణానికి పెట్టిండు. బండి మెల్లగ పోతే తెల్వదు, స్పీడు అందుకుంటే రాడ్డు గడగడ వణుకుతది.

"మరి నాకా కాడనే ఎందుకు వణకాలె?" సోమక్క ఒప్పుకోలే.

కమలేష్ బానెట్ మీద చెయ్యి కొట్టి అడిగిండు. "అక్కా, ఈ తొవ్వ మొత్తంల మంచి రోడ్డు ఎక్కడున్నది చెప్పు?"

నిజమే గదా! కడమదంతా గుంతలే, జీపు ఎడ్లబండికంటె జోరుగ పోదు. నాకా నుంచి వాగు దాక ఒక్కటే నున్నటి డాంబరు. కాశయ్య కాలు నొక్కేది అక్కడనే.

"థూ నీ చేతులిరగ! చేసిందంత నువ్వు చేసి సచ్చినోని మీద పెడ్తివి గదరా!" అని సోమక్క కాశయ్యను ఎడాపెడా తిట్టింది.

క్రాసు గూడ అరిగిపోయింది. కొత్తది జగదల్‌పూర్ నుంచి రావాలె. పెండ్లిచూపులేమో ఆ మాపే — నవీనోళ్ళు మిరపతోట పనికి పోయి చీకటి పడ్డంకనే ఇల్లు చేరుతరు. కమలేష్ రాడ్డు మొత్తం ఊడబెరికి, గోనెసంచిల చుట్టి, జీపు ఎనుక పండబెట్టిండు.

"ఫోర్‌వీల్ గేరు ఏసుకో. ముందు చక్రాలే లాగుతయి. రాడ్డే లేనప్పుడు వణికేదేంది?"

బయలెల్లిండ్రు. కాశయ్య ముందట, సోమక్క, రాంప్రసాద్ ఎనుక బెంచీ మీద. కాళ్ళ కింద సంచి. రాంప్రసాద్ కొత్తంగీ ఏసుకొని బిర్రబిగుసుకొని కూసున్నడు. అడవి చిమ్మచీకటి...

నాకా వచ్చింది. విరిగిన గేటు కట్టె లైటుల మెరిసి పోయింది. కాశయ్య కాలు నొక్కిండు. జీపు నూనె పోసినట్టు జారుతున్నది. జుమ్మనలే. సోమక్క హమ్మయ్య అనుకున్నది.

టక్...

టక్... టక్...

టకటకటకటక —

"తమ్మీ... అదేంది?" సోమక్క గుసగుసగ అడిగింది.

బెంచీ వణుకుతున్నది. కింద సంచి రేకు మీద చిందులేస్తున్నది.

"కాశీ... రాడ్డు వణుకుతున్నదిరా..."

"ఏ రాడ్డు? ఊడబెరికినం గదా!"

"అదే... ఊడబెరికిందే వణుకుతున్నది..."

కాశయ్య కాలు దానంతటదే బ్రేకు మీద పడ్డది. బండి ఎక్కడ ఆగిందనుకున్నరు? సరిగ్గ ఆ తలుపు లేని గది ముందు. ఇంజను గూడ కొట్టుకొని బందైంది.

అయినా టకటక ఆగలే.

"సమ్మక్క తల్లీ, సారక్క తల్లీ..." సోమక్క కండ్లు మూసుకున్నది. కాశయ్య ఫోను లైటు ఏసిండు. సంచి... సంచి మీద రెండు కొత్త చెప్పులు... చెప్పులల్ల కాళ్ళు... పైన మోకాళ్ళు, ఒకదానికొకటి కొట్టుకుంటున్నయి.

రాంప్రసాద్ మొఖం సున్నం కొట్టినట్టున్నది.

"అన్నా... నాకు భయమైతున్నది."

"దెయ్యమంటేనా?"

"కాదన్నా. ఆ పిల్ల నన్ను వద్దంటదేమోనని."

ముందుగాల సోమక్క ముక్కు ఎగబీల్చింది... పెదవి బిగబట్టింది... పట్టలేక పకాలుమన్నది! ఇగ కాశయ్య స్టీరింగు మీద పడి నవ్వుడు. వాగు దాటినా నవ్వు ఆగలే. తర్లగూడ వచ్చినా ఆగలే. నవ్వుకుంటనే నవీనోళ్ళ వాకిట్ల దిగిండ్రు.

నవీన బాపు టార్చిలైటు పట్టుకొని నిలబడ్డడు. నిరుటి ముచ్చట ఆయన చెవుల గూడ పడ్డదే.

"ఏందిది?" అన్నడు. "నా ఇంట్ల నవ్వేటిదేమున్నది?"

సోమక్క కొంగు నోట్ల కుక్కుకున్నది. నవ్వు ఆగింది గాని కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఈ సంబంధం గూడ పోయిందనుకున్నది. తన చేతులతోనే చెడగొట్టుకున్నది. అప్పుడు రాంప్రసాద్ ముందుకొచ్చిండు. పెండ్లిచూపులల్ల వాడు నోరు తెరుసుడు అదే మొదలు.

"నన్ను చూసే నవ్వుతున్నరు, మామా. నా కాళ్ళు వణుకుతున్నయి. తొవ్వ పొడుగూత వణికినయి. ఇగో... ఇప్పుడు గూడ."

ఆయన టార్చి కిందికి దించిండు. ప్యాంటు గాలికి ఊగినట్టు ఊగుతున్నది, గాలేమో లేదు.

ఇంట్ల నుంచి చప్పుడు... గలగల... గలగలగల...

నవీన చాయ్ పళ్ళెం పట్టుకొని గడపల నిలబడ్డది. గ్లాసులు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నయి, సగం చాయ్ పళ్ళెంలనే ఉన్నది. రాంప్రసాద్ మోకాళ్ళ దిక్కు చూసింది. తన పళ్ళెం దిక్కు చూసింది.

"బాపూ," అన్నది మెల్లగ. "ఆయన్ని జర కూసోబెట్టు. పడితే పట్టుకుందామన్నా నా చేతులు గూడ గట్లనే ఉన్నయి."