పాముచెవి గారి వినికిడి పరీక్ష

"బీప్ వినపడగానే బటన్ నొక్కాలండీ."

"వినపడితే కదా నొక్కేది! ముందు మీ మెషిన్‌కి రిపేర్ చేయించండి."

గాజు గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న యువకుడు ఇంతెత్తున లేచాడు. గాజుకు ఇవతల ఉన్న అమ్మాయి నవ్వాపుకుంది. వినికిడి పరీక్షలు చేయడం ఆమె ఉద్యోగం. అతన్ని చెయ్యి పట్టుకుని మరీ లాక్కొచ్చింది వాళ్ళమ్మ. అన్నానికి రమ్మని నాలుగుసార్లు పిలిస్తే గానీ పలకడని ఆవిడ ఫిర్యాదు.

"అసలు నేనెవరో తెలుసా మీకు?"

"చెప్పండి. ఎలాగూ ఫారంలో రాసుకోవాలి."

"పాముచెవి!"

ఆమె పెన్ను ఆగిపోయింది. ఓ సంగీత పత్రికలో ఆ పేరుతో నెలనెలా ఒక శీర్షిక వస్తుంది. అలనాటి జాజ్ రాక్ ఆల్బమ్‌లను అసలు టేపుల నుంచి శుభ్రంచేసి, దళసరి ఎల్పీ రికార్డులుగా మళ్ళీ విడుదల చేస్తుంటారు. వాటిలో ఏది పాతదాన్ని మించిందో, ఏది దండగో తేల్చి చెప్పడం పాముచెవి పని. ఆ తీర్పు చదవనిదే ఆమె తండ్రి రికార్డు ముట్టుకోడు.

"డ్రమ్స్ పక్కన కొట్టే ఇత్తడి పళ్ళెం, ఆ సింబల్ మోత పట్టుగుడ్డ చించినట్టుందని పోయిన నెల రాసింది మీరేనా?"

"నేనే," అన్నాడు గర్వంగా.

ఆమె పరీక్ష పూర్తిచేసి, గ్రాఫు తెచ్చి అతని ముందు పెట్టింది. గీత సగం దాకా బుద్ధిగా నడిచి, అక్కణ్ణుంచి మేడ మీంచి దూకినట్టు కిందికి పడిపోయింది.

"సన్నటి శబ్దాలు మీకు వినపడట్లేదండీ. ఏళ్ళ తరబడి ఫుల్ సౌండ్ పెట్టి ఉంటారు. ఆ సింబల్ మోత ఉండేది సరిగ్గా ఇక్కడ."

ఆమె వేలు పెట్టిన చోట ఉత్త కాగితం తప్ప ఏమీ లేదు.

"మరి నేను విన్నది?"

"అలవాటుకొద్దీ ఊహించుకున్నారేమో."

అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరికీ చెప్పకండి, ప్లీజ్. నా పరువు బజారున పడుతుంది."

"పేషెంట్ల సంగతులు బయటికి చెప్పం. కానీ మీ మాట నమ్మి మా నాన్న ఒకే ఆల్బమ్ మూడుసార్లు కొన్నారు. ఆయనకేం చెప్తారు?"

అతను గ్రాఫు మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు.

"మీ చెవులు బాగా పనిచేస్తాయా?"

"బ్రహ్మాండంగా. ఏం?"

"శనివారం ఖాళీయేనా?"

అలా మొదలైంది. శనివారం మధ్యాహ్నాలు ఆమె అతని ఇంటికి వచ్చేది. అతను పాత ఎల్పీ, కొత్త ఎల్పీ మార్చి మార్చి వేసేవాడు.

"ఏం వినిపిస్తోంది?"

"కుడివైపు ఎవరో వేడి పెనం మీద నీళ్ళు చిలకరిస్తున్నారు."

"అదే సింబల్!"

"ఎడమవైపు ఎవరో ముసలాయన గొణుగుతున్నాడు."

"బేస్ గిటార్‌ని పట్టుకుని అంత మాటంటారా?"

"గొణుగుడే మరి. పాత రికార్డులో ముసుగుతన్ని గొణిగాడు. కొత్తదాంట్లో దుప్పటి తీశాడు."

అతను గబగబా రాసుకునేవాడు. మధ్యలో రాయడం మరిచి ఆమెకేసి చూస్తూ ఉండిపోయేవాడు.

"పాట అయిపోయింది. సూది గీసుకుంటోంది," అని ఆమే గుర్తుచేయాల్సి వచ్చేది.

శీర్షికకు ఎన్నడూ లేనంత పేరొచ్చింది. "మీ చెవులు రోజురోజుకీ పదునెక్కుతున్నాయి సార్!" అని సంపాదకుడు ఫోన్ చేసి పొగిడాడు. ఆ పొగడ్త అతనికి ముల్లులా గుచ్చుకుంది. రెండు రోజులు పెన్ను ముట్టుకోలేదు. మూడోరోజు కూర్చుని ఉన్నదున్నట్టు రాసేశాడు: తన చెవులు ఎప్పుడో మొరాయించాయి, ఈ మధ్య పాఠకులు మెచ్చుకున్నవి తనవి కావు, ఇదే ఆఖరి వ్యాసం.

అది అచ్చయిన శనివారం ఆమె ఎప్పటిలాగే వచ్చింది. అతను గుమ్మంలోనే తడబడ్డాడు.

"ఇక మీరు శ్రమపడక్కర్లేదండీ. శీర్షిక మానేశాను."

"చదివాను. నాన్న కూడా చదివారు. గంటసేపు పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంత నిజం చెప్పేవాణ్ణి ఓసారి భోజనానికి పిలవమన్నారు."

అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "సంపాదకుడికి మీ నంబర్ ఇచ్చాను."

"ఫోన్ చేశారు. ఇకమీదట నన్ను రాయమన్నారు. కుదరదన్నాను."

"అయ్యో, ఎందుకు? మీకింత ఇష్టమైన సంగీతం..."

"ఇష్టమా! ఒక్కో పాట ఇరవై నిమిషాలు. అందులో పద్దెనిమిది నిమిషాలు ఎప్పుడాపుతారా అని దేవుడికి దండం పెట్టుకోవడమే. తలనొప్పి మాత్ర వేసుకుని వచ్చేదాన్ని ఇక్కడికి."

అతను నోరు తెరిచాడు. "మరైతే ఇన్ని శనివారాలు ఎందుకొచ్చారు?"

"అది కూడా నేనే విని చెప్పాలా నీకు?"

ఆ 'నీకు' అర్థం కావడానికి అతనికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చెవుల దాకా ఎర్రబడ్డాడు. గబగబా లోపలికెళ్ళి, తిరుగుతున్న రికార్డు మీంచి సూది ఎత్తేసి, స్విచ్ కట్టేశాడు.

"రా, కూర్చో," అన్నాడు.

ఆ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి ఆమె సోఫాలో హాయిగా వెనక్కి వాలింది.