ఉప్పునీళ్ళ తొట్టిలో రాకెట్

“బందరు లడ్డు గట్టిగా ఉందా?”

ఫోన్లో అడిగింది చీఫ్ వెంకట్రామయ్య.

“నోట్లో వేస్తే కరిగిపోతోంది సార్,” అన్నాడు ఏజెంట్ రత్నరాజు. కోడ్ సరిపోయింది.

“విను. మంగినపూడి దగ్గర సరుగుడు తోటల వెనక మనవాళ్ళు ఒక కొత్త బోటు దాచారు. రేపు నలభైమంది అందులో సముద్రం మీదికి వెళ్తున్నారు. ఒక ఫారిన్ ముఠా దాన్ని పైనుంచి వీడియో తీయబోతోంది. ఆ వీడియో శత్రువుల చేతికి వెళ్ళిందా, ఆ నలభైమందీ తిరిగి రారు.”

“హెలికాప్టర్లోంచా సార్?”

“బొమ్మ రాకెట్లోంచి! సైన్స్ క్యాంప్ పేరుతో ఎగరేస్తారట. మన సువర్ణ అక్కడ టీచరమ్మ వేషంలో ఉంది. వెళ్ళి కలువు.”

రత్నరాజు ఎండుచేపల వ్యాపారిగా దిగాడు. గళ్ళ లుంగీ, నోట్లో బీడీ, గడియారంలో మత్తుసూది. పల్లెలో అడుగుపెట్టగానే పున్నమ్మ ఎదురైంది. చేపలు ఎండబెట్టుకుంటున్న ఆ ముసలామె అతని నోట్లో బీడీ లాగి, చేపలు తీసేసిన ఉప్పునీళ్ళ తొట్టిలో ముంచేసింది.

“తాటాకు కొంపలయ్యా ఇయ్యి! ఎండలు చూశావా?”

సువర్ణ పాక దగ్గర నిలబడి ఉంది. నీలం షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు. లడ్డు గురించి అడిగింది. అతను జవాబు చెప్పేలోపు పిస్టల్ డొక్కలో గుచ్చుకుంది.

“సారీ రత్నరాజుగారూ. ముఠావాళ్ళు నన్ను ముందే కొనేశారు.”

కాసేపటికి అతను పాకలో గుంజకు కట్టేసి ఉన్నాడు. నోట్లో తువ్వాలు. గడియారం ఆమె చేతికి మారింది. గుమ్మంలోంచి ఇసుక మీద నిలబెట్టిన రాకెట్ కనిపిస్తోంది. మూరెడు అట్టగొట్టం, దాని పక్కన టేపుతో అంటించిన అగ్గిపెట్టెంత కెమెరా.

“పారాచూట్ మీద దిగుతుంది. నేను వెళ్ళి బటన్ నొక్కితే వీడియో సేవ్ అవుతుంది,” అంది సువర్ణ గొప్పగా. “నొక్కకముందే బ్యాటరీ పోతే ఏమీ మిగలదు. అందుకే కొత్తది వేశాను.”

వెళ్ళి స్విచ్ నొక్కింది. రాకెట్ బుస్సుమని లేచింది.

రత్నరాజు గింజుకున్నాడు. నైలాన్ తాడు ఇంకా బిగుసుకుంది. ఈ ఉద్యోగంలో చాలాసార్లు భయపడ్డాడు గానీ, ఇలా చేతకానివాడిలా కూర్చుని చూడాల్సి రాలేదు. ఆ నలభైమందిలో ఒక్కడి పేరు కూడా అతనికి తెలియదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పైన పారాచూట్ విచ్చుకుంది. సముద్రపు గాలి దాన్ని ఇళ్ళవైపు తోసుకొచ్చింది. ఇంకా పొగలు కక్కుతూ, రాకెట్ సరాసరి పున్నమ్మ చేపల మధ్య పడింది.

ఆ పల్లెలో దీపావళికి కూడా తారాజువ్వలు వెయ్యనివ్వరు. ఎక్కణ్ణుంచైనా ఒకటి వచ్చి పడితే ఎవరిదని అడగరు, ముందు ముంచుతారు.

“ముట్టుకోకు!” సువర్ణ పరిగెత్తింది. హైహీల్స్ ఇసుకలో దిగబడ్డాయి.

“నిప్పమ్మా, నిప్పు!” పున్నమ్మ రాకెట్టును తొట్టిలో తలకిందులుగా ముంచి, బుడగలు ఆగేదాకా అదిమిపట్టింది.

సువర్ణ పిస్టల్ ఎత్తింది. అప్పటికే పల్లెలో ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు.

“మా కొంపల మీదికి జువ్వలు వదుల్తావా?”

ఎంతమందిని కాలుస్తుంది? చెయ్యి దించేసింది. పున్నమ్మ పిస్టల్ లాక్కుంది.

“ఇందులో కూడా మందేగా?” అని దాన్నీ ముంచేసింది.

పల్లెవాళ్ళ ఫోన్ అందుకుని బందరు నుంచి పోలీసు జీపులు వచ్చేసరికి చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. సువర్ణను ఎక్కించుకున్నారు. పున్నమ్మే రత్నరాజు నోట్లో తువ్వాలు తీసింది.

“ఇంత మనిషివి, ఒక్క కేకన్నా వెయ్యకపోయావా అయ్యా?”

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. “శభాష్! ఎలా ఆపావయ్యా?”

“నేనేం ఆపలేదు సార్. కట్టేసి ఉంటే చూస్తూ కూర్చున్నాను.”

“సరేలే, రహస్యం ఫోన్లో చెప్పకూడదు. మెడల్‌కి నీ పేరు రాస్తున్నాను.”

రత్నరాజు ఫోన్ పెట్టేశాడు. బీడీ తీసి అగ్గిపెట్టె తెరిచాడు. తొట్టి పక్కన పున్నమ్మ అతనివైపే చూస్తోంది.

బీడీ, అగ్గిపెట్టె రెండూ తనే తీసుకెళ్ళి తొట్టిలో వేశాడు.