పంపుగది పిలుపు

కాజీపల్లి రోడ్డు మీద సిస్టర్ల బడి ఉంది చూడండి... దాని వెనక, ప్రహరీగోడ అవతల, ఒక పంపుగది ఉంది. తలుపు సగం ఊడిపోయి, పైరేకులు తుప్పుపట్టి, ఇప్పటికీ అట్లాగే ఉంది. పొద్దు మునిగాక ఆ దిక్కు ఎవరూ పోరు. షిఫ్టు దిగి వచ్చే కార్మికులు సైతం రోడ్డు దాటి అవతలి పక్క నుంచే నడుస్తారు.

బడి కట్టకముందు అదంతా పెద్దరాములు అనే రైతు పొలం. చుట్టూ ఫ్యాక్టరీలు లేచాక ఆయన బావిలో నీళ్ళు మెల్లమెల్లగా టీ రంగుకు తిరిగాయంటారు. ఒకనాటి సాయంత్రం మోటరు బంద్ చేసి వస్తానని పోయిన మనిషి మళ్ళీ రాలేదు. పంపుగది గడప ముందు చెప్పులు మాత్రం జతగా విడిచి ఉన్నాయి. బావిలో దిగి వెతికారు... దొరకలేదు.

అప్పటినుంచి చీకటి పడ్డాక ఆ గదిలోంచి పిలుపు వస్తుందని చెప్పుకుంటారు. గట్టిగా కాదు — పక్కింటివాళ్ళు గోడ మీంచి పిలిచినట్టు, మామూలుగా. పేరు పెట్టి పిలుస్తుందట. పలికితే మంచం పడతారని కొందరంటారు. ఏమీ కాదు గానీ, ఆ తర్వాత మునుపటి మనిషిలా ఉండరని ఇంకొందరంటారు.

ఈ కథ నాకు ఆ బడి వాచ్‌మన్ యాదన్న చెప్పాడు. కొంత ఆయన కళ్ళారా చూసింది. కొంత ఆ బడిలో చదివే ఒక పిల్ల తర్వాత ఆయన దగ్గర కూర్చుని చెప్పుకుంది.

ఆ పిల్ల పేరు క్లారా. ఎనిమిదో తరగతి. తండ్రి ఎబెనేజర్ భానూర్ వైపు ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. వాళ్ళది వేరే చర్చి కాబట్టి, పొద్దున అసెంబ్లీలో మరియమాత జపం వచ్చేసరికి క్లారా చేతులు జోడించి నిలబడేది గానీ పెదవులు కదిపేది కాదు. హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఎలిజబెత్ చూసీ చూడనట్టు ఊరుకునేది.

క్లారాకు లోకంలో అన్నిటికంటే ఇష్టమైంది సైన్స్ పీరియడు. సుందర్‌రాజు సారు పాఠం చెప్పేవాడు కాదు, చేసి చూపించేవాడు. కోడిగుడ్డును వెనిగర్‌లో నానబెట్టి, పెంకు కరిగిపోయాక ఆ మెత్తని గుడ్డును ఒక్కొక్కరి అరచేతిలో పెట్టేవాడు. మందారపూల రసంతో కాగితాలు తడిపి ఆరబెట్టి, వెనక వాగులో తేలే నురగలో ముంచి, "ఏ రంగొచ్చింది? ఎందుకొచ్చింది?" అని అడిగేవాడు. జవాబు ముందు క్లారా నుంచే వచ్చేది.

"ఎవరు చెప్పినా నమ్మొద్దు. నేను చెప్పినా నమ్మొద్దు. కొలిచి చూడాలె," అనేవాడు సారు. క్లారా ఆ మాట సైన్స్ నోట్సు మొదటి పేజీలో రాసుకుంది.

అదే బెంచీలో నిషిత. నాలుగో తరగతి నుంచీ ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా. నిషితకు తెలియని క్లారా సంగతి లేదు. ఒక్కటి తప్ప. అందులో సగం ఒకరోజు కుళాయి దగ్గర డబ్బాలు కడుగుతుంటే చెప్పేసింది.

"చీకట్ల ఒక్కదాన్నే ఉంటే... మా అమ్మమ్మ పిలిచినట్టు అయితదే. ఆమె పోయి రెండేండ్లాయె. అయినా వినబడుతది."

నిషిత నవ్వలేదు. తడి చేత్తో క్లారా చెయ్యి పట్టుకుంది.

"ఎవ్వరికీ చెప్పకే," అంది క్లారా. "సైన్స్ క్లబ్ లీడర్ని. నవ్వుతరు."

"మీ ఏసయ్య మీద ఒట్టు. మా ఎల్లమ్మ మీద ఒట్టు. చెప్పను."

ఆ మాట అని నెల తిరగలేదు.

సంగారెడ్డిలో జిల్లా సైన్స్ ప్రదర్శనకు నోటీసు వచ్చింది. సుందర్‌రాజు సారు క్లబ్ పిల్లలను ల్యాబ్‌లో కూర్చోబెట్టి, "అగ్నిపర్వతాలు, సోలార్ కుక్కర్లు అందరూ తెస్తరు. మనం భయం గురించి చేద్దాం," అన్నాడు. "భయమేసినప్పుడు ఒంట్లో ఏమైతదో కొలిచి చూపిద్దాం. పంపుగదికి పోయి."

పిల్లలు బల్లల వెనక్కి జరిగారు.

"లోపలికి ఎవరు పోతరు?" అని అడిగాడు సారు.

ఒక్క చెయ్యే లేచింది. క్లారాది.

"నాకు తెలుసు తల్లీ, నువ్వే లేపుతవని," అన్నాడు సారు. ఆ మాటకు ఆమె ఆ రోజంతా నేల మీద నడవలేదు.

నవంబరు రెండో వారం. ఇంటినుంచి సంతకాలు తెప్పించారు. సాయంత్రం ఆరున్నర — అప్పటికే చీకటి చిక్కబడింది. సారు, నలుగురు పిల్లలు, ముందు టార్చి పట్టుకుని యాదన్న. దూరంగా ఫ్యాక్టరీ గొట్టాల మీద ఎర్రదీపాలు. గాలిలో ఎప్పుడూ ఉండే ఆ మందుల వాసన.

గదికి ఇరవై అడుగుల దూరంలో ఒక వేపచెట్టు. అందరూ అక్కడే ఆగిపోయారు.

సారు క్లారా వేలికి ఆక్సీమీటరు తొడిగాడు. కరోనా అప్పుడు ప్రతి ఇంట్లో కొన్నారే, అదే. "పరిశోధకురాలివి నువ్వే. లోపల గోడకు ఆనుకొని కూసో. నిమిషానికొకసారి గుండె కొట్టుకునే నంబరు గట్టిగ చదువు. పది నిమిషాలు. అంతే."

క్లారా వెనక్కి తిరిగి నిషితను చూసింది. నిషిత ఫోన్ వంక చూసుకుంటోంది.

లోపలికి వెళ్ళింది.

తడి ఇటుకల వాసన. మూలన తుప్పుపట్టిన మోటరు. దాని పక్కన గోనెసంచులు. నేల మధ్య ఇనుప జాలీ, దాని కింద బావి... జాలీ కిందనుంచి చల్లగాలి పైకి వస్తోంది. క్లారా గోడకు వీపు ఆనించి కూర్చుంది. చిన్న తెరమీద అంకె ఎర్రగా వెలుగుతోంది.

"ఎనభై ఎనిమిది!" అని అరిచింది.

బయటినుంచి సారు గొంతు — "వెరీ గుడ్!"

ఒక నిమిషం.

"తొంభై ఒకటి!"

ఇంకొక నిమిషం. "తొంభై!" తనకే నవ్వొచ్చింది. ఏముంది ఇక్కడ? పాత మోటరు, పాత సంచులు...

మూడో నిమిషం నడుస్తోంది.

"కల్లమ్మా..."

క్లారా మోటరు వైపు తల తిప్పింది.

గట్టిగా కాదు. దూరంనుంచి కాదు. పక్క మంచం మీంచి పిలిచినట్టు — కొంచెం ఆయాసంగా, కొంచెం విసుగ్గా.

"కల్లమ్మా..."

ఆ పేరుతో ఆమెను పిలిచింది లోకంలో ఒక్కరే. అమ్మమ్మకు 'క్లారా' నోరు తిరిగేది కాదు. అమ్మమ్మ పోయాక ఆ పేరు ఇంట్లో ఎవరూ పలకలేదు.

పలకొద్దని తెలుసు. చిన్నప్పటినుంచీ వింటున్నదే. లేచి పరుగెత్తాలని కూడా తెలుసు. కాళ్ళు లేవలేదు. నోరు మాత్రం తెరుచుకుంది.

"అమ్మమ్మా...?"

జవాబు లేదు. కానీ చీకట్లో ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు — అట్లా ఉంది ఆ నిశ్శబ్దం.

"అమ్మమ్మా, నేను విన్న... ఆ రోజు నువ్వు పిలిచినప్పుడు విన్న. గోరువెచ్చని నీళ్ళు అడిగినవు. ఫోన్ల గేమ్ ఆడుతున్న. ఆగు అమ్మమ్మా వస్తున్న అన్న... రాలే. నిద్రపోయినవనుకున్న. అమ్మ వచ్చి చూసేసరికి..." మోకాళ్ళలో ముఖం దాచుకుంది. "అమ్మకు చెప్పలే. నువ్వు నన్ను పిలవనే లేదని చెప్పిన. ఎవ్వరికీ చెప్పలేదమ్మమ్మా. నీకు కోపమా? అందుకే పిలుస్తున్నవా...?"

వెక్కివెక్కి ఏడ్చింది. ఎంతసేపో తెలియదు.

వేపచెట్టు కింద ఉన్న యాదన్నకు ఆ పిల్ల గొంతు ఒక్కటే వినబడిందట. "నాకు పానం ఆగలే," అన్నాడు నాతో. "సార్, బిడ్డ ఏడుస్తున్నది, నేను పోత అన్న. ఆగు యాదన్నా, ఇదే ముఖ్యం అన్నడు సారు."

పదో నిమిషానికి టార్చి వెలుతురు లోపల పడింది. చప్పట్లు. నవ్వులు.

సారు మోకాళ్ళ మీద కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని అంకె చూశాడు. "నూట నలభై ఆరు! చూసిండ్రా? ఎనభై ఎనిమిది నుంచి నూట నలభై ఆరు! శభాష్ తల్లీ!"

అని కిటికీ గూట్లోంచి ఒక ఫోన్ తీశాడు. రికార్డవుతూనే ఉంది. ఇంకో పిల్లవాడు గోనెసంచి లేపాడు. దాని కింద గుండ్రటి చిన్న స్పీకరు.

క్లారాకు మొదట అర్థం కాలేదు.

"అంతా ప్రయోగమే తల్లీ," అన్నాడు సారు సంబరంగా. "మీ అమ్మమ్మ సంగతి నిషిత చెప్పింది. వాళ్ళ నానమ్మతో గొంతు రికార్డు చేయించుకొచ్చింది. బయటినుంచి ఫోన్ల నొక్కితే ఇక్కడ పలుకుతది. దెయ్యం అంటే ఇదే!"

గడప దగ్గర నిషిత నిలబడి ఉంది. చేతిలో ఫోను. తల దించుకుని నేల చూస్తోంది. టార్చి వెలుగులో ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

క్లారా వేలికున్న ఆక్సీమీటరు తీసి సారు చేతిలో పెట్టింది.

"నన్ను అడిగితే నేనే ఒప్పుకుందును కద సార్," అంది.

"అడిగితే ఎట్ల తల్లీ? అప్పుడు భయం నిజమైనది కాదు కదా."

అంతవరకూ తాను పరిశోధకురాలు అనుకుంది. కాదు — బల్ల మీద కాళ్ళు చాపి గుచ్చి పెట్టిన కప్ప.

మరునాడు సారు ఆ రికార్డింగు క్లాసులో వినిపించాడు. స్పీకరు సౌండు తక్కువైనట్టుంది, పిలుపు సరిగా ఎక్కలేదని చెప్పాడు. క్లారా మాటలు మాత్రం స్పష్టంగా ఎక్కాయి. ప్రతి మాటా. మొదట నవ్వులు వచ్చాయి. గోరువెచ్చని నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆడపిల్లల నవ్వు ఆగింది. మగపిల్లల నవ్వు ఆగలేదు. వారం రోజులపాటు మెట్ల మీద ఆమె కనబడితే చాలు, ఎవరో ఒకరు సన్నటి గొంతుతో — "ఆగు అమ్మమ్మా, వస్తున్న..."

మాట ఇంటికి కూడా చేరింది. తల్లి ఆ రాత్రి అన్నం వడ్డించి, పక్కన కూర్చోకుండా లోపలికి వెళ్ళిపోయింది. క్లారాకు అదే ఎక్కువ నొప్పి.

సంగతి తెలిసి సిస్టర్ ఎలిజబెత్ సారును తన గదికి పిలిచి తలుపు వేసింది. ఆ తర్వాత రికార్డింగు చెరిపించింది. కానీ ఆ నంబర్లతో గీసిన చార్టు చెరగలేదు. సంగారెడ్డిలో ఎర్రగీత పైకి లేచిన ఆ చార్టుకు రెండో బహుమతి వచ్చింది. క్లారా పోలేదు. బెంచీ మార్చుకుంది. సైన్స్ క్లాసులో సారు ప్రశ్న వేస్తే ఇప్పుడు జవాబు తెలిసినా తల ఎత్తేది కాదు.

నిషితతో ఒక్క మాట లేదు.

డిసెంబరులో ఒక ఆదివారం. చర్చినుంచి వచ్చి, ఎండలో వాకిట్లో బట్టలు ఆరేస్తోంది క్లారా. గేటు దగ్గర నిషిత. ఎప్పటినుంచి నిలబడి ఉందో.

"ఏందీ?" అంది క్లారా.

"నీకొకటి చెప్పాలె... చెప్తే తిడుతవు."

"తిట్టను. చెప్పి పో."

నిషిత గేటు కమ్మీలు పట్టుకుంది. "ఆ దినం స్పీకర్ మోగలేదే."

క్లారా చేతిలోని తడి బట్ట అట్లాగే ఉండిపోయింది.

"నిజం. నా ఫోన్ దానికి కలవనే లేదు. మూడుసార్లు నొక్కిన. గోడ అడ్డమో, ఏమో. సారుకు చెబుదామనుకునేలోపే నువ్వు లోపల మాట్లాడుడు షురూ చేసినవు. నాకు చేతులు కాళ్ళు ఆడలే. ఎవరితోని మాట్లాడుతున్నవో అని... భయపడి చెప్పలే."

"ఇది ఇంకో ప్రయోగమా? ఎవరు రాసిచ్చిండ్రు, సారా?"

"కాదే..."

"నా మాట పోయి సారుకు చెప్పినవు. అందరి ముందర నన్ను నిలబెట్టినవు. సరే, అయిపోయింది." క్లారా తడి బట్టను తీగ మీదికి విసిరింది. "కానీ నా నోట ఎప్పుడు జారిందో గని, ఆ పేరు గూడ చెప్పిస్తవా? ఆ ఒక్కటి నాకు మిగలనిస్తే ఏంబోయె నీకు?"

నిషిత ఆమె వంక అయోమయంగా చూసింది. తర్వాత గబగబా ఫోన్ తీసి, వెతికి, గేటు కమ్మీల మధ్యనుంచి చాపి వినిపించింది. ఒక ముసలి గొంతు, వెనకాల టీవీ చప్పుడు, మధ్యలో నవ్వు ఆపుకోవడం...

"క్లారా... ఓ క్లారా... ఇటు రా బిడ్డా..."

అంతే. అయిపోయింది. తేదీ ఆ రోజుదే — నవంబరు, మధ్యాహ్నం మూడూ నలభై.

"ఇది కాదు," అంది క్లారా. "నేను విన్నది ఇది కాదు. కల్లమ్మా అని పిలిచింది. రెండుసార్లు."

నిట్టనిలువు ఎండ. తీగ మీది బట్టల్లోంచి నీళ్ళు బొట్టు బొట్టుగా రాలుతున్నాయి. నిషిత ఫోన్ మెల్లగా కిందికి దించింది. ఒక అడుగు వెనక్కి వేసింది.

"కల్లమ్మనా?" అంది, పెదవులు మాత్రమే కదిపినట్టు. "కల్లమ్మ అంటే... ఎవరే?"