ఖాళీ క్యారేజీ

మా రీడింగ్ హాల్లో మాట్లాడటం నిషేధం. అందుకే నవత నన్ను మొదటిసారి తిట్టినప్పుడు గుసగుసగా తిట్టింది.

"ఏందన్నా నువ్వు? మూడు దినాలాయె. నా క్యారేజీ ఏది?"

తలెత్తి చూశాను. వానకు తడిసిన చున్నీ, చేతిలో హెల్మెట్, ముక్కు మీద కోపం, ఆ ముక్కు కొసన ఒక నీటిచుక్క. అశోక్‌నగర్‌లో గ్రూప్-1కి చదివేవాళ్ళం పుస్తకాలు చూసీ చూసీ మనుషుల మొహాలు మర్చిపోయి ఉంటాం. ఆ మొహం చూశాక నేను ఏ పుస్తకం చదువుతున్నానో మర్చిపోయాను.

"ఇచ్చేస్తానండీ," అన్నాను నేనూ గుసగుసగానే.

"ఎప్పుడిస్తవ్? ఉన్నయే కొన్ని. నీ ఒక్కనికాడ ఆగితే ఇంకొకరు ఉపాసముండాలె."

"అది కాదండీ... అందులో పెట్టడానికి ఏమీ దొరకలేదు."

"ఏంది?"

"ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదండీ! మా నాయనమ్మకు తెలిస్తే చంపేస్తుంది. ఇక్కడ చూస్తే జిరాక్స్ షాపులు తప్ప ఏమున్నాయి? క్యారేజీలో కరెంట్ అఫైర్స్ పెట్టి ఇవ్వలేను కదా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "పైసలిచ్చి తింటున్నవన్నా. దీనికి గూడ పద్ధతులుంటయా?"

"ఎవరింట్లోనో వండిందే కదండీ?"

పక్క టేబుల్ నుంచి ఎవరో "ష్" అన్నారు. ఆమె అటు తిరిగి, "నువ్వు చదువుకోవయ్యా, మా లొల్లి మీద క్వశ్చన్ రాదు," అంది.

నేను క్యారేజీ పట్టుకుని కిందికి పరుగెత్తాను. సందు మొగలో జామకాయల బండి ఉంది. బాగా దోరగా ఉన్న కాయ ఒకటి ఏరి, పై గిన్నెలో పెట్టి, మూత బిగించి ఇచ్చాను.

"మంచి పిచ్చోడు దొరికిండు," అనుకుంటూ స్కూటీ ఎక్కింది. కోపం బాగానే చూపించింది కానీ నవ్వు దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

ఆ మర్నాటి నుంచి నా క్యారేజీ ఏ రోజూ ఖాళీగా పోలేదు.

నవత వాళ్ళది చిక్కడపల్లి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ క్యారేజీల పని పెట్టుకుంది. ఎందుకని ఒకసారి అడిగాను. నారాయణగూడ మెట్రో కింద ఇద్దరం వాన తగ్గేదాకా నిలబడ్డ రోజది. పైన రైలు పోయినప్పుడల్లా ఆమె మాట ఆపేది. నాకు ఆ రైళ్ళంటే పీకల దాకా కోపం వచ్చింది.

"మా గల్లీల బాలనాగమ్మ పెద్దమ్మ ఉంది. ఆమె పచ్చిపులుసు చేస్తే నువ్వు గిన్నె నాకుతవ్. కని చేతిల రూపాయి ఉండదు, అన్నిటికీ ఇంట్లోళ్ళని అడుక్కోవాలె. అసుంటి పెద్దమ్మలు మా దిక్కు ఇంటికొకరున్నరు. ఇటు జూస్తే మీరు, మెస్సుల నీళ్ళ పప్పు తిని సన్నగైతున్నరు. నడుమ ఒక్క సడక్, గంతే. ఆ సడక్ మీద నా స్కూటీ పెట్టిన."

"సోషల్ ఎంటర్‌ప్రెన్యూర్ అన్నమాట!"

"గదే పేరు మా అమ్మకు చెప్పిన. ‘ఉద్యోగం ఊడగొట్టుకున్నోళ్ళకు గీ పేరు గూడ ఉన్నదా బిడ్డా’ అన్నది."

నవ్వుతూ చెప్పింది కానీ ఆ నవ్వు వెనక భయం ఉంది. దాచుకున్న జీతం డబ్బంతా గిన్నెల్లో పెట్టేసింది. ఇది నిలబడకపోతే మళ్ళీ గచ్చిబౌలి బస్సే ఎక్కాలి. అది వింటున్నంతసేపూ నాకు ఒకటే కోరిక. నా గొడుగు పట్టుకుని ఆమె పక్కన ఇంకో గంట నిలబడాలి. వాన మాత్రం ఠక్కున ఆగిపోయింది.

మాది హైదర్‌గూడ. అమ్మ లెక్చరరు, మధ్యాహ్నం ఇంట్లో ఉండదు. అందుకే నాకు నవత క్యారేజీ. మొదట్లో ఆకలి కోసం పన్నెండున్నర ఎప్పుడవుతుందా అని చూసేవాణ్ణి. తర్వాత స్కూటీ హారన్ కోసం చూసేవాణ్ణి. ఆ తర్వాత రాత్రి పడుకునేటప్పటి నుంచే చూడటం మొదలైంది. ఆమె మాత్రం వచ్చేది, "అన్నా, గిన్నె" అనేది, వెళ్ళేది. ఆ ‘అన్నా’ దగ్గరే వచ్చింది చిక్కంతా. హైదరాబాదులో ఆటో డ్రైవరూ అన్నే, చాయ్ పోసేవాడూ అన్నే, నేనూ అన్నే.

నేను చెప్పలేని మాటలన్నీ క్యారేజీలో పెట్టి పంపాను. సీతాఫలాల కాలంలో మెత్తటి సీతాఫలం. చలికాలంలో రేగుపళ్ళు. ఉసిరికాయలు. ఒకసారి చెరుకు ముక్కలు. ఆమె ఒక్కసారీ బాగుందనలేదు, వద్దనలేదు. ఎండాకాలం మొదట్లో ఒకరోజు ధైర్యం చేసి, చిక్కడపల్లి మార్కెట్లో మూరెడు మల్లెపూలు కొని, తడిగుడ్డలో చుట్టి పెట్టాను. ఆ రాత్రి నిద్రపోతే ఒట్టు.

మర్నాడు రీడింగ్ హాలు కింద ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర, సిగ నిండా నా మల్లెపూలు.

"సాయిచైతన్య అంటే నువ్వేనా బిడ్డా? నేను బాలనాగమ్మను. నీకు వండేది నేనే. ఒక్కసారి మొకం జూసి పోదామని వచ్చిన."

"నమస్కారమండీ. ఆ పూలు..."

"మా ఆయన కుమారస్వామి పెండ్లయిన కాడికెల్లి ఒక్క మూర తెచ్చిన పాపాన పోలే. నిన్న నీ పూలు పెట్టుకుంటే, ఎవడే వాడు అని అలిగి అన్నం తినలే!"

వెనకాల నవత హెల్మెట్‌లో మొహం పెట్టుకుని నవ్వుతోంది.

"ఇన్నాళ్ళూ... అన్నీ మీకే వచ్చాయా?"

"మరెవరికొస్తయ్? వండినామెకేగా!"

"గిన్నె నింపినోళ్ళకే తిరిగి పోవాలె గదన్నా," అంది నవత. "నడుమల నేను ఒక్క జామకాయ గూడ ముట్టలే. ముడితే దొంగతనమైతది."

అయ్యో రామా! నా మనసు ముక్కలు ముక్కలుగా కోసి పంపుతుంటే, కుమారస్వామి గారు ఉప్పూకారం చల్లుకుని తిన్నారన్నమాట.

బాలనాగమ్మ గారు వెళ్ళాక అడిగాను. "నీకెప్పుడూ ఏమీ అనిపించలేదా?"

నవత నవ్వు ఆగిపోయింది. "నేను వంట చెయ్యనన్నా. నాకెవరు పంపుతరు?"

సరదాకే అన్నట్టు అంది. చివరి మాట మాత్రం సరిగా వినపడలేదు. నీకే పంపాను అని అప్పుడే చెప్పి ఉంటే సరిపోయేది.

జూన్‌లో, తొలకరి రోజుల్లో, మళ్ళీ నారాయణగూడ మెట్రో కిందే నిలబడ్డాం. ఈసారి ఆమె నాకోసమే ఆగింది.

"కొత్త కంపెనీలకు ఫండ్ ఇచ్చేటోళ్ళు ఒప్పుకున్నరు. ఇంకెంతో మంది పెద్దమ్మలకు పనొస్తది. కని స్టీల్ గిన్నెలు బంద్ చెయ్యాలంట. తీస్కపోవుడు, తిరిగి తెచ్చుడు, ఖర్చు డబుల్ అంటున్నరు. పారేసే డబ్బాలు పెట్టి, బైక్ మీద పిలగాండ్లతోని పంపాలంట." చేతిలోని హెల్మెట్ అటూ ఇటూ తిప్పింది. "నువ్వేమంటవ్?"

గిన్నెలు పోతే ఆమె రాదు. ఆ సంగతి తప్ప నా బుర్రలోకి ఇంకేదీ ఎక్కలేదు. వద్దని అరవాలనిపించింది. కానీ అది నా స్వార్థం కదా, ఆమె కలకు నేనెందుకు అడ్డుపడాలి అని పెద్దమనిషిలా ఆలోచించాను. నేను పెద్దమనిషిలా ఆలోచించిన ప్రతిసారీ కొంప మునిగింది.

"డబ్బాలే మంచిది. ఎకనామిక్స్ ప్రకారం చూసినా అదే కరెక్ట్."

"గంతేనా?"

"అంతే."

"ఇంకేం లేదా చెప్పేది?"

పైన రైలు పోయింది. అది పోయాక కూడా నేను మాట్లాడలేదు.

"సరే అన్నా," అని హెల్మెట్ పెట్టుకుంది. ఆ రోజు ఆ ‘అన్నా’ మామూలుగా లేదు.

తర్వాత డబ్బాలు వచ్చాయి. టీషర్టు వేసుకున్న అబ్బాయి వచ్చి, ఫోన్ చూసుకుంటూ పేర్లు పిలిచి ఇచ్చి పోయేవాడు. తినేవాణ్ణి, డబ్బా చెత్తబుట్టలో వేసేవాణ్ణి. తిరిగి ఇవ్వడానికి ఏమీ లేదు. అయినా అలవాటు కొద్దీ సాయంత్రం పళ్ళ బండి దగ్గర ఆగేవాణ్ణి. కొన్న పండు జేబులోనే ఉండిపోయేది.

అశోక్‌నగర్ నిండా పెన్నులే. నేను మాత్రం పెన్ను కొనడానికి చిక్కడపల్లి దాకా నడిచేవాణ్ణి. వాళ్ళ గల్లీ మొదట్లో ఆ స్కూటీ కనబడితే ఇంట్లో ఉందని సంతోషం, కనబడకపోతే ఎదురొస్తుందని ఆశ. రెండూ ఉత్తివే. ఫోన్‌లో ఆమె పేరు కింద ‘ఆన్‌లైన్’ అని పడితే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఏదో టైపు చేసి, చెరిపేసి, మళ్ళీ టైపు చేసేవాణ్ణి. ఆమె లేకపోతే దిగులుగా ఉంది. ఇంతకంటే గొప్పగా చెప్పడం నాకు రాదు. వాన పడితే ఇంకా దిగులుగా ఉండేది, ఆ ఏడు వానలు కూడా బాగానే పడ్డాయి.

వంట కూడా పాడైంది. పచ్చిపులుసు వరసగా పుల్లగా వచ్చేది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మా రీడింగ్ హాలు వాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ మెస్సు దారి పట్టారు.

ఒకరోజు బాలనాగమ్మ గారు మళ్ళీ వచ్చారు. ఈసారి సిగలో పూలు లేవు, కళ్ళల్లో నిప్పులున్నాయి.

"నా పులుసు ఎట్లున్నది బిడ్డా?"

"బాగుందండీ."

"అబద్ధమాడకు."

"...పులుపు ఎక్కువవుతోందండీ."

"గదీ! గిన్నె తిరిగొస్తే, అండ్ల మిగిలింది జూసి నాకు ఎరుకైతుండె. పులుపెక్కువైందా, కారం తక్కువైందా, అన్నీ గిన్నే చెప్తుండె. ఇప్పుడు వండి సడక్ మీద పారేసినట్టున్నది. గదే మాట నవతకు చెప్పినం. పాపం, అందరిని కూసోవెట్టి అడిగింది. గిన్నెలు దెమ్మని అందరం ఒక్కటే నోట అన్నం. పైసలిచ్చేటోళ్ళకు వద్దని చెప్పేసిందట. రేపటి సంది మల్ల గిన్నెలే. చిన్నగనే నడుపుకుంటం."

"నవత... ఏమంది?"

"ఏమంటది? ‘అందరు చెప్పిండ్రు పెద్దమ్మా, చెప్పాల్సినోడు చెప్పలే’ అన్నది. ఎవడో ఏమో, నాకేం ఎరుక!" అంటూ నా మొహంలోకే చూశారు.

మర్నాడు నవతే వచ్చింది. నా టేబుల్ మీద స్టీల్ క్యారేజీ పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మూత తీశాను. అన్నం పలుకు పలుకుగా ఉంది. ఆలుగడ్డ వేపుడు నల్లబడింది. పప్పు నాలిక మీద వేసుకుంటే సముద్రం. ఇది బాలనాగమ్మ గారి చెయ్యి కాదు.

కిందికి పరుగెత్తాను. స్కూటీ స్టార్ట్ చేస్తోంది.

"బాలనాగమ్మ గారికి ఒంట్లో బాలేదా?"

"మంచిగనే ఉంది."

"మరి ఎవరు వండారు?"

ఆమె నన్ను చూడలేదు, స్కూటీ అద్దంలోకి చూసింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరు వండితే వాళ్ళకే తిరిగి పోతది. మా దగ్గర పద్ధతి మారలే."

వెళ్ళిపోయింది. నేను రోడ్డు మధ్యలో అలాగే నిలబడ్డాను. "ఏం బయ్, మంచిగనే ఉన్నవా?" అని ఆటో అతను అరిచాక పక్కకు జరిగాను.

పైకి వెళ్ళి మెతుకు మిగల్చకుండా తిన్నాను. నీళ్ళు మాత్రం సీసాడు తాగాను. క్యారేజీ తోమి, పట్టుకుని బయల్దేరాను. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా ప్రతి బండి దగ్గరా ఆగాను. నేరేడుపళ్ళు చూశాను, మొక్కజొన్నలు చూశాను, అరటిపళ్ళు చూశాను. ఏది చూసినా ఇదా ఇచ్చేది అనిపించింది. ఈలోగా వాన అందుకుంది.

నవత ఇంటి తలుపు తడితే వాళ్ళమ్మ ప్రభావతి గారు తీశారు.

"ఎవరు బాబూ?"

"క్యారేజీ ఇవ్వడానికి వచ్చానండీ."

"ఇల్లు ఎతుక్కుంట వచ్చి ఇచ్చేటోన్ని నిన్నే జూస్తున్న," అని, "నవతా!" అని పిలిచారు.

నవత వచ్చింది. నా చేతిలోంచి క్యారేజీ తీసుకుని మూత తెరిచింది. కింది గిన్నె కూడా తీసి చూసింది.

"ఖాళీ?" గొంతు చిన్నబోయింది. "మీ నాయనమ్మ చంపదా?"

"దీనికి సరిపడేది ఏదీ దొరకలేదు నవతా. అందుకే నేనే వచ్చాను."

ఇక ఆగకుండా చెప్పేశాను. "ఇంకేం లేదా చెప్పేది అని అడిగావు. ఉంది. గిన్నెలు పోతే నువ్వు రావని భయమేసింది. ఆ మాట అనడానికి సిగ్గుపడి ఎకనామిక్స్ చెప్పాను. నువ్వంటే నాకు ఇష్టం. ఆ మల్లెపూలు కుమారస్వామి గారింటికి కాదు."

"నాకు ఎర్కనే," అంది. కళ్ళు నిండాయి. "కని పద్ధతి పద్ధతే గదా. పెద్దమ్మకిచ్చి, ఇంటికొచ్చి ఏడ్చిన."

"ఇగో బాబూ," లోపల్నుంచి ప్రభావతి గారు. "నిజం చెప్పు. ఈ పిల్ల మొదటిసారి పొయ్యి ముట్టిచ్చింది. ఎట్లున్నది వంట?"

నవత కళ్ళతోనే బెదిరించింది. ఒక అబద్ధానికి ఒక వానాకాలం దాదాపు పోగొట్టుకున్నవాణ్ణి. ఇంకోటి ఆడే ఓపిక లేదు.

"పప్పులో ఉప్పు ఎక్కువైందండీ. అన్నం ఉడకలేదు."

"మరి పారేసినవా?"

"లేదండీ. మొత్తం తిన్నాను."

ప్రభావతి గారు బయటికి వచ్చి, నవత చేతిలోని క్యారేజీ తీసుకెళ్ళారు. డబ్బా మూత తీసిన చప్పుడైంది. తిరిగొచ్చి ఇచ్చినప్పుడు క్యారేజీ బరువుగా ఉంది. పై గిన్నెలో నిండా చక్కెర, కింద అప్పుడే పొయ్యి మీంచి దించిన వేడి వేడి సేమియా పాయసం.

"ఇది మీ నాయనమ్మకియ్యి. ఖాళీ గిన్నె ఇయ్యొద్దనేది చిక్కడపల్లిల గూడ ఉన్న పద్ధతే అని చెప్పు." కూతుర్ని ఒకసారి చూసి, మళ్ళీ నావైపు తిరిగారు. "గిన్నె తిరిగి తెచ్చుడు మాత్రం నీ పని గాదు. ఆమెనే రమ్మను. మీ అమ్మానాయినలను గూడ ఎంట తీస్కరమ్మను."

నాకు అర్థమయ్యేలోపు నవతకు అర్థమైంది. చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది.

నేను క్యారేజీని గుండెకు హత్తుకుని మెట్లు దిగాను. వెనక నుంచి పిలుపు వినిపించింది.

"చైతన్యా, జర పైలం! వాన గట్టిగొస్తున్నది."

సగం సందు దాటాక గానీ తెలియలేదు, ‘అన్నా’ అనలేదని.