ఎనిమిది మగ్గాలు ఆగినప్పుడు

చారులత నన్ను మొదటిసారి తిట్టడానికి ఎనిమిది మగ్గాలు ఆపింది.

సూలూరులో ఆ అద్దె ఇంటికి మేం మారి అప్పటికి నాలుగు రోజులే. నేనూ, మా అవ్వ జానకమ్మాళ్, మా కుక్క వీర. రాజపాళయం జాతి, పాలలా తెల్లగా, నా నడుమెత్తు ఉంటుంది. పేరుకే వీర. బల్లిని చూసినా వెనక్కి నడుస్తుంది.

ఆ రోజు ఇంట్లోంచే ఆఫీసు కాల్‌లో ఉన్నాను. తలెత్తి చూస్తే వీర లేదు. కాంపౌండ్ గోడ మీద మట్టి పాదాల ముద్రలు. గోడ అవతల పవర్‌లూమ్ షెడ్డు. హెడ్‌సెట్ మెడలో వేలాడుతుండగానే పరిగెత్తాను.

లోపల మగ్గాల మోతకు నా పిలుపు నాకే వినబడలేదు. నాలుగో మగ్గం కింద వీర, కళ్ళు మూసుకుని హాయిగా పడుకుంది. పక్కన ఒక అమ్మాయి. జుట్టు నిండా దూది, కళ్ళ నిండా కోపం. నన్ను చూసి, గోడ దగ్గరకు వెళ్ళి మెయిన్ స్విచ్ దించింది. మోత ఠక్కున ఆగిపోయింది.

"మీ కుక్కా?"

"ఆమా, మాదే."

"నూరు దారాలు తెంపినాది. ఇప్పుడు ఎవరు ముడేసేది? మీరా, అదా?"

సారీ చెప్పి వచ్చేశాను. గోడ మీద ఇంకో రెండు వరుసలు ఇటుకలు పెట్టించాను. వీరకు అది హైజంప్ ప్రాక్టీస్ అయింది.

అలా మూడు నెలలు. వీర గోడ దూకడం, నేను గేటు వైపు నుంచి చుట్టు తిరిగి పరిగెత్తడం, ఆమె స్విచ్ దించడం, మేం పోట్లాడుకోవడం. కుక్కకు ట్రైనింగ్ లేదని ఆమె అంది. మీరే చాటుగా బిస్కెట్లు పెడుతున్నారేమో అని నేనన్నాను. ఆమె ముక్కు ఎర్రబడింది. ఆ ఎరుపు రెండు రోజులు నాకు కోడింగ్ చేయనివ్వలేదు.

మెల్లగా పోట్లాటలు మారాయి. కుక్క గురించి రెండు నిమిషాలు, ఏ బేకరీలో వెజిటబుల్ పఫ్ బాగుంటుందో పది నిమిషాలు. ఒక వాన రోజు, తడిసిన కుక్కను మా మీదికి ఎందుకు వదిలారని తిడుతూనే తువ్వాలు తెచ్చి ఇచ్చింది. కుక్కకు కాదు, నాకు.

సరిగ్గా అప్పుడు వాళ్ళ నాయన గోపాలసామి మా ఇంటికి వచ్చాడు. షెడ్డు ఆయనదే, పనివాళ్ళకు ఆయన మొదలాళి. మా అవ్వ ఇచ్చిన కాఫీ తాగాడు, బాగుందన్నాడు, గ్లాసు కింద పెట్టి తీర్పు చెప్పాడు.

"ఇంగొక్క తూరి వచ్చినాదంటే, కినత్తుకడవులో మా తమ్ముడి కొబ్బరి తోటకు పంపేద్దాం తంబి. ఆడ పరిగెత్తేకి నిండా చోటు ఉండాది."

అవ్వ కూడా తలూపింది. న్యాయం ఆయన వైపే ఉంది మరి.

వీరను గొలుసుతో కట్టేశాను. రెండు రోజులు అది నా వైపు చూడలేదు. నేను గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. వీర లేకపోతే ఇల్లు బోసిపోతుంది, సరే. కానీ వీర వెళ్ళిపోతే నేను ఆ షెడ్డుకు ఏం చెప్పి వెళ్ళాలి?

మూడో రోజు, ఊరి పక్కనున్న ఎయిర్‌ఫోర్స్ స్థావరం నుంచి లేచిన విమానం ఒకటి మా డాబా మీదుగా బాగా కిందుగా వెళ్ళింది. వీర మెడ బెల్టులోంచి తల లాక్కుని ఒక్క దూకు దూకింది. ఖాళీ బెల్టు పట్టుకుని నేను పరిగెత్తాను.

షెడ్డు గేటు దగ్గర ఆరోగ్యసామి టీ తాగుతున్నాడు. అక్కడ అందరికంటే పాత నేతగాడు. నా ముఖం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. నవ్వాడు.

"కుక్క సంగతి విడు తంబి. ఈ షెడ్డులో మాట్లాడేకి ఎవురూ మగ్గం నిలపరు. చేతులతోనే చెప్పుకుంటాం. మొదలాళి వచ్చినా అంతే. మా చారు పాప నీకు మాత్రం నిలుపుతాది."

అని, రెండు పిడికిళ్ళు దూరంగా లాగి చూపించాడు. దారం తెగింది అని అర్థమట. రెండు చిటికెన వేళ్ళు కొక్కెంలా కలిపి చూపించాడు. ముడేశాను, నడుపు అని అర్థమట.

నా కాళ్ళు నేల మీద లేవు.

కానీ ఆ రోజు చారులత స్విచ్ దించలేదు. మోత ఆగితే వాళ్ళ నాయన ఆఫీసు గదిలోంచి వచ్చేస్తాడు. నాలుగో మగ్గం దగ్గర కూర్చుని, వీర తల మీద చెయ్యి వేసి ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి. వేలితో రేకు కప్పు పైకి చూపించింది, తన చెవులు మూసుకుంది, వీరను చూపించింది.

విమానం. ఆ చప్పుడుకు భయపడి, అది వినబడని ఒకే ఒక్క చోటుకు వీర పారిపోయి వస్తోంది. మూడు నెలలు నేను గోడ పెంచాను. ఆమె కుక్కను చూసింది.

ఈ మోతలో ఏం చెప్పినా ఎవరికీ వినబడదు. ఎక్కడ లేని ధైర్యం వచ్చింది.

"చారూ, కుక్క తోటకు పొయ్యినా నేను వస్తా ఉంటాను. గోడ దూకైనా. నిన్ను చూడకుండా నాకు ఉండేకి కాదు. నువ్వంటే నిండా ఇష్టం."

ఆమె రెప్ప వేయలేదు. నా నోటినే చూస్తోంది. లేచి, చున్నీకి చేతులు తుడుచుకుని, రెండు చిటికెన వేళ్ళు కలిపింది.

గాల్లో తేలుతూ వెనక్కి తిరిగాను. ఒక్కో మగ్గం పక్క ఒక్కో మనిషి, అందరూ చిటికెన వేళ్ళు కలిపి నవ్వుతున్నారు. ఆఫీసు గది గుమ్మంలో గోపాలసామి.

ఆయన మెల్లగా నడిచి వచ్చి, తనెప్పుడూ ఎవరి కోసమూ దించని ఆ స్విచ్ తనే దించాడు.

"మగ్గాల మధ్య బతికినోళ్ళకు పెదాలు చదివేకి వస్తాది తంబి. ఈడ అందరికీ వస్తాది. మా పాపకు ఐదేళ్ళకే వచ్చినాది."

నేను నేల చూశాను. వీర కూడా నేలే చూస్తోంది.

"కుక్కకు ఆ మూల గోనె పరుస్తాం. పగలంతా ఈడనే ఉండనీ. సాయంత్రం నీవొచ్చి పిలుచుకొని పో. ఆదివారం మీ అవ్వను పిలుచుకొని రా." ఆగి, నా బూట్లకు అంటిన మట్టి చూశాడు. "గోడ దూకేది వద్దు. మాకు వాకిలి ఉండాది."

స్విచ్ పైకి లేపాడు. "సరి మామా" అన్నాను. మోతలో నాకే వినబడలేదు. ఆయన మాత్రం నవ్వాడు.

గేటు దగ్గర్నుంచి ఆరోగ్యసామి వేలెత్తి పైకి చూపించాడు. ఇంకో విమానం వెళ్తోందట. వీరకు వినబడలేదు. నాకూ వినబడలేదు.